మాస్టరు చెరిపేసిన గుర్తు

సుద్ద గీత కనిపించేలా బట్ట అప్పగించేవాడు దర్జీ కాదు, బద్ధకస్తుడు. ఈ మాట మాస్టరుది. నలభై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి, ఒక్క రోజు కూడా ఈ నియమం తప్పలేదు. బట్ట మీద గీసిన గీత కత్తిరించేదాకా దేవుడు, కుట్టడం అయ్యాక దరిద్రం. ఇస్త్రీకి ముందు తడి బ్రష్షుతో రుద్ది రుద్ది, ఆనవాలు లేకుండా చేసిగానీ చొక్కా మడత పెట్టనిచ్చేవాడు కాదు. మంచి నియమమే, ఎవరు కాదన్నారు? కానీ ఆ మంచి నియమమే ఒకరోజు ఆయన కొంప ముంచబోయింది. ముంచలేదంటే దానికి కారణం మిషనమ్మ నోరు.

మిషనమ్మ అంటే మాస్టరు భార్య. వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. ఇద్దరిదీ ఒకటే షాపు. ముందు గదిలో ఎత్తు బల్ల, దాని వెనక మాస్టరు. వెనక గదిలో కిటికీ పక్కన మిషను, దాని ముందు ఆవిడ. ఆయన కత్తిరిస్తాడు, ఆవిడ కుడుతుంది. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆవిడ కత్తెర పట్టింది దారం తెంపడానికే. మా ఆవిడని గుండ్రంగా కత్తిరించమంటే కోడిగుడ్డు వస్తుందని మాస్టరు వేళాకోళం. ఈయన మిషనెక్కితే సూదికి నూరేళ్ళు నిండినట్టేనని ఆవిడ జవాబు. రోజుకి నాలుగుసార్లైనా బల్ల దగ్గర్నుంచి కేక వచ్చేది: "ఈ కుట్టు వంకర. విప్పు." ఆవిడ పళ్ళు నూరుకుంటూ విప్పేది. విప్పుతూ చూస్తే నిజంగానే వంకర ఉండేది, అదీ ఆవిడ అసలు మంట.

అలాంటి మనిషి, విరేచనంలో రక్తం పడుతుంటే మొలలు అనుకుని ఏడాది దాచాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కదా, మొలలన్నాడు కాబట్టి అవి మొలలే. తీరా నిలబడలేక ఆస్పత్రికి వెళ్తే పెద్దపేగు చివర కణితి అన్నారు, క్యాన్సర్ అన్నారు. కణితి మరీ కిందికి ఉంది కాబట్టి మలం పోయే దారి పూర్తిగా మూసేయాలనీ, పొట్టకి ఎడంపక్క చిన్న రంధ్రం చేసి పేగు చివరని అక్కడికి తెస్తామనీ, బతికినంతకాలం అక్కడ ఒక సంచి అంటించుకోవాలనీ పెద్ద డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. చాలామంది సంచితోనే అన్ని పనులూ చేసుకుంటున్నారని కూడా చెప్పాడు. మాస్టరు ఆ చివరి మాట వినలేదు.

బయట మెట్ల మీద కూర్చుని ఒకే ఒక్క మాట అడిగాడు. "ఇంక ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడతారే?"

"మీరే" అంది మిషనమ్మ.

"ఎలా?"

"ఎలాగో నాకు తెలీదు. మీరే."

ఏడుపు గొంతుదాకా వచ్చింది ఆవిడకి. కానీ దాన్ని కోపం తోసేసింది. జబ్బు మీద కోపం, దాచినందుకు ఆయన మీద కోపం, ఎన్నడూ లేనిది ఆయన తన లోపలి బట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెడితే 'అబ్బో, బుద్ధొచ్చిందే' అని మురిసిపోయిన తన మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం. ఆ మెట్ల మీదే ఒట్టు పెట్టుకుంది. ఈ మనిషిని మళ్ళీ ఆ బల్ల వెనక నిలబెట్టాలి. బతికించడం డాక్టర్ల పని, నిలబెట్టడం తన పని.

ఆపరేషన్‌కి ముందురోజు మాస్టరుని ఆస్పత్రిలో చేర్చారు. ఆయన అక్క పళ్ళ సంచితో వచ్చి, మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "మరదలా, మా తమ్ముడికి ఆ జబ్బు ఎలా వచ్చిందమ్మా" అని మొదలుపెట్టింది.

"ఏ జబ్బు వదినా?"

"అదేనమ్మా... ఆ జబ్బు."

"క్యాన్సర్ అనండి. పేరు పెట్టి పిలిస్తే కరవదు."

వదిన నోరు మూసుకుని నారింజ పండు ఒలుచుకుంది. చెడ్డ మనిషి కాదు. తమ్ముడంటే ప్రాణం. ఆ ప్రేమంతా భయంగానే బయటికొస్తుంది, అదే తంటా.

సాయంత్రం సంచుల నర్సు వచ్చింది. సంచి పెట్టుకోబోయేవాళ్ళకి ముందే చోటు చూసి గుర్తు పెట్టడం ఆవిడ పని. మాస్టరుని పడుకోబెట్టింది, కూర్చోబెట్టింది, నిలబెట్టింది, ప్యాంటు ఎక్కడ కడతారో అడిగింది. అన్నీ చూసుకుని నడుంపట్టీకి కింద, ఎడంపక్క, ఊదారంగు పెన్నుతో చిన్న గీటు పెట్టబోయింది.

"అక్కడ కాదు" అంది మిషనమ్మ.

"అందరికీ దాదాపు అక్కడే పెడతాం అమ్మా. బట్టల కింద కనబడదు."

"అందరూ బల్లకి పొట్ట ఆనించి పని చేయరు కదా సిస్టర్." మిషనమ్మ తన చేతిసంచిలోంచి ఆయన ఆ రోజు వేసుకొచ్చిన చొక్కా తీసింది. ముందుపక్క కింది గుండీకి ఎడంగా, అరచేతి వెడల్పున గుడ్డ అరిగిపోయి, దాని మీద మాసిక ఉంది. "చూడండి. ఆయన ఏ చొక్కా తీసినా ఇక్కడే అరుగుతుంది. బల్ల అంచు రాసుకునే చోటు ఇది. మీరు పేగుని సరిగ్గా ఆ అంచు కిందికి తెస్తున్నారు."

నర్సు చొక్కా చూసింది, మాస్టరుని చూసింది. "లేచి ఈ మంచం అంచుకి ఆనుకుని వంగండి" అంది. ఆయన విసుక్కుంటూ వంగాడు. నర్సు ముడతలు పడని చోటు వెతికి, నడుంపట్టీకి బాగా పైన చోటు మార్చింది. "ఇరవై ఏళ్ళలో ఎవరూ నాకు చొక్కా తెచ్చి చూపించలేదమ్మా" అంది మెచ్చుకోలుగా. ఊదారంగు గీటు పడింది. "రేపు థియేటర్లోకి వెళ్ళేదాకా ఇది ఉండాలి. పొద్దున్న స్నానంలో చెరిగిపోకుండా చూసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

కొలత కనిపిస్తే రాసుకోకుండా ఉండలేదు మిషనమ్మ. మెడలో టేపు ఎప్పుడూ ఉండేదే. మాస్టరు "ఛీ, ఇదేం పిచ్చే" అంటున్నా వినకుండా బొడ్డు నుంచి గీటుదాకా కొలిచి, చేతిసంచిలోనే ఉన్న షాపు కొలతల పుస్తకం తెరిచి, పోస్టుమాన్ చొక్కా కొలతల కింద రాసింది: 'మా ఆయన. ఎడమకి మూడున్నర. పైకి రెండున్నర.'

మర్నాడు పొద్దున్నే మాస్టరుకి మందు సబ్బిచ్చి స్నానానికి పంపారు. ఎంతకీ రాడు. నీళ్ళ చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది. మిషనమ్మ తలుపు కొట్టింది. లోపల్నుంచి చిన్న గొంతు. "పొరపాటైపోయిందే."

తలుపు తీసి చూస్తే తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. పొట్ట ఎర్రగా కంది ఉంది. గీటు లేదు. ఆనవాలు కూడా లేదు. సబ్బుతో, గోళ్ళతో, మాస్టరు పద్ధతిలో శుభ్రంగా పోయింది.

"సిస్టర్ చెప్పింది వినలేదా?"

"విన్నాను. చెయ్యి వినలేదు." ఆయన కళ్ళల్లో నీళ్ళు. "ఇంకాసేపట్లో అప్పగిస్తున్నాం కదా అనుకుంటూ రుద్దుకున్నానే. అప్పగించే ముందు గుర్తు ఉండకూడదు కదా."

అలవాటులో పొరపాటు అంటారు. ఈ పొరపాటు మటుకు లోకంలో ఇంకెవడికీ రాదు. మిషనమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండింటికీ టైము లేదు. అప్పటికే వార్డుబాయ్ ట్రాలీ తెచ్చాడు. సంచుల నర్సు డ్యూటీకి రావడానికి ఇంకా రెండు గంటలుంది.

చిన్న డాక్టరు వచ్చి చూసి, "ఏం పర్లేదమ్మా, థియేటర్లో బల్ల మీద పడుకోబెట్టాక పెద్ద డాక్టరుగారే చోటు చూసుకుంటారు" అన్నాడు.

"పడుకోబెట్టి చూస్తే కుదరదు బాబూ. పడుకోబెట్టి కొలత తీసిన చొక్కా నిలబడ్డ మనిషికి సరిపోదు."

"ఇది చొక్కా కాదమ్మా."

"అందుకే కదా చెప్తున్నది! చొక్కా అయితే విప్పి కుడతాను. ఇది విప్పడానికి ఉందా?"

చిన్న డాక్టరు ట్రాలీ కదపమని సైగ చేశాడు. మిషనమ్మ దాని కమ్మీ రెండు చేతులా పట్టుకుంది. ఉడుంపట్టు. వార్డుబాయ్ లాగాడు, కదల్లేదు. వదిన కంగారుపడి, "మరదలా, పెద్ద పెద్ద డాక్టర్లు, వాళ్ళకి తెలీదా, వదిలెయ్యమ్మా, కోపం వస్తే వాళ్ళు సరిగ్గా చేయరేమో" అని చెవిలో గొణిగింది. మాస్టరు సిగ్గుతో కళ్ళు మూసుకుని, "పోనీలేవే, ఎక్కడైతే ఏంటి, ఎలాగూ ఆ బల్ల దగ్గరికి పోయేది లేదు" అన్నాడు.

ఆ మాటతో ఆవిడ పట్టు ఇంకా బిగిసింది. "పెద్ద డాక్టరుగారు వచ్చేదాకా ఈ బండి కదలదు. కదిలిందంటే నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళాల్సిందే."

వసారాలో జనం తలలు బయటపెట్టారు. మిషనమ్మకి చెవులు వేడెక్కాయి. అయినా వదల్లేదు. పది నిమిషాలకి పెద్ద డాక్టరు వచ్చాడు. మొహం చిటచిటలాడుతోంది.

"ఏంటమ్మా గొడవ? ఇలాంటి ఆపరేషన్లు నేను ఎనిమిది వందలు చేశాను."

"చేసుంటారు డాక్టరుగారూ, కాదనను. నేను ఈయన చొక్కాలకి ఇరవయ్యారేళ్ళుగా మాసికలు వేస్తున్నాను. ఒకే చోట." చొక్కా తీసి ట్రాలీ మీద పరిచింది. కొలతల పుస్తకం తెరిచి దాని మీద పెట్టింది. "నిన్న సిస్టర్ పెట్టిన గుర్తు ఇదిగో, అంగుళాలతో సహా. కత్తి మీది. ఎక్కడ కోయాలో, ఎలా కోయాలో మీ ఇష్టం. కానీ ఈయన్ని ఒక్కసారి నిలబెట్టి, వంచి చూడండి. మత్తిచ్చాక నిలబడలేడు కదా."

డాక్టరు చొక్కా మీది మాసికని వేలితో తడిమాడు. పుస్తకం చదివాడు. 'మా ఆయన' అన్న చోట కాస్త ఆగాడు. తర్వాత ట్రాలీ వైపు తిరిగి, "లేవండి మాస్టరూ, నిలబడండి. మీ బల్ల దగ్గర ఎలా వంగుతారో అలా వంగండి" అన్నాడు. వంగాడు. పుస్తకంలో ఉన్న చోట వేలు పెట్టి, కూర్చోబెట్టి మళ్ళీ చూసి, "బాగుంది" అన్నాడు. తన జేబులో పెన్నుతో తనే గుర్తు పెట్టాడు. పైన పారదర్శకమైన ప్లాస్టర్ కూడా అంటించమని చిన్న డాక్టరుకి చెప్పి, మిషనమ్మ వైపు తిరిగాడు. "ఈయన చేతులు కాసేపు పట్టుకోండమ్మా, మళ్ళీ రుద్దుకుంటారేమో."

ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటలూ ఆవిడ ఆ మాసిక చొక్కాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వదిన పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, అదే పెద్ద సాయం. కణితి మొత్తం వచ్చిందన్నారు. వారం తర్వాత రిపోర్టులో అంచులు శుభ్రంగా ఉన్నాయని, ఇక ఐదేళ్ళపాటు మూణ్ణెల్లకో ఆర్నెల్లకో పరీక్షలకి రావాలని చెప్పారు. "యాభై ఏళ్ళైనా వస్తాం" అంది మిషనమ్మ.

ఇంటికి వచ్చారు. అసలు యుద్ధం అక్కడ మొదలైంది.

మాస్టరు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొట్ట మీద పేగు చివర, బుగ్గ లోపలి చర్మంలా ఎర్రగా తడిగా ఉంటుంది. దాని చుట్టూ అంటించే బిళ్ళకి ఆ కొలతకి సరిగ్గా గుండ్రంగా రంధ్రం కత్తిరించాలి, ఆ బిళ్ళకి సంచి తగిలించాలి. ఆస్పత్రిలో నర్సు కత్తెర ఇచ్చి నేర్పబోతే మాస్టరు మొహం తిప్పేసుకున్నాడు. కత్తెర ముట్టుకోనన్నాడు. దాంతో కత్తిరించడం మిషనమ్మ మీద పడింది. నర్సు ఇచ్చిన అట్టముక్క కొలత పెట్టుకుని, నాలుక బయటపెట్టి, మూడు రోజులకొకసారి ఒక కోడిగుడ్డు కత్తిరించేది.

ఆవిడని భయపెట్టింది సంచి కాదు, వాసన కాదు. ఆయన మెత్తబడిపోవడం. ఏం పెట్టినా బాగుంది. ఏం చెప్పినా సరే. ఒకరోజు జిప్పు మార్చిన ప్యాంటు తెచ్చి కావాలని మొహం ముందు పెట్టింది. జిప్పు పక్కన కుట్టు పాములా పోయింది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. మాస్టరు చూడకుండానే "బాగుంది" అన్నాడు. ఆవిడ వెనక గదికి పోయి మిషను మీద తల పెట్టి ఏడ్చింది. ఆస్పత్రిలో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

అయిదో వారంలో వదిన వచ్చింది. "తమ్ముడూ, ఇంక ఈ వయసులో నీకెందుకురా ఈ నిలబడే పని? మా అల్లుడు కర్టెన్ల షాపు పెడుతున్నాడు, పిల్లనిచ్చిన పాపానికి సామాను మేమే చూడాలి. ఆ బల్ల వాడికి ఇచ్చెయ్. పొడుగ్గా ఉంది, పనికొస్తుంది. నువ్వు హాయిగా రెస్ట్ తీసుకో."

"తీసుకెళ్ళమను" అన్నాడు మాస్టరు గోడతో.

సరిగ్గా అప్పుడే సంచి మాట్లాడింది. గాలి చేరినప్పుడు అది చేసే చప్పుడే, కానీ ఆ మౌనంలో గదంతా మోగింది. వదిన బిత్తరపోయింది. మాస్టరు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"చూశారా వదినా, అది కూడా ఒప్పుకోవట్లేదు" అంది మిషనమ్మ.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక నవ్వింది. నవ్వి, సిగ్గుపడి, కళ్ళు తుడుచుకుని, "ఆదివారం వ్యాన్ తీసుకుని వస్తాడు మరి" అంది.

"రానివ్వండి. బల్ల ఖాళీగా ఉంటే పట్టుకుపోతాడు."

"ఖాళీగా కాక?"

మొండిధైర్యం తప్ప మిషనమ్మ చేతిలో ఏమీ లేదు.

శనివారం సాయంత్రం బిళ్ళ ఊడిపోయింది. తీసి చూస్తే చుట్టూ చర్మం పుండులా కాలిపోయి ఉంది. మాస్టరు పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఆవిడ కడిగి, తుడిచి, కొత్త బిళ్ళ తీసి, పాత అట్టముక్క కొలత పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. కత్తెర ఒకచోట ఆగింది, ఇంకోచోట పక్కకి పోయింది.

మాస్టరు తల తిప్పి చూస్తున్నాడు. ఆవిడ గమనించలేదు.

"ఏంటది?"

"బిళ్ళండీ."

"బిళ్ళని తెలుసు. అదేం కత్తిరింపు? ఆ కత్తెర పట్టుకోవడం ఏంటి, గరిట పట్టుకున్నట్టు?" మోచేతి మీద లేచాడు. తన పొట్ట వైపు, ఐదు వారాల్లో మొదటిసారి, కళ్ళు పెట్టి చూసుకున్నాడు. తర్వాత అట్టముక్క లాక్కున్నాడు. "ఇది ఏనాటి కొలత?"

"ఆస్పత్రిలో ఇచ్చిందే."

"వాపు తగ్గి అది ఇంతైంది. నువ్వింకా పాత కొలతకే కత్తిరిస్తున్నావు. చుట్టూ ఖాళీ ఉండిపోయి, మలం తగిలి చర్మం కాలక ఏమవుతుంది? ఒళ్ళు మారితే కొలత మార్చాలని ఇరవయ్యారేళ్ళ నుంచి చెప్తున్నాను కదే! బుర్ర ఉందా?"

"లేదు" అంది మిషనమ్మ. "నాకు లేదు. నాకు కత్తిరించడం రాదని ఊరంతా చెప్పింది మీరే కదా మాస్టరూ. వచ్చినవాళ్ళు గోడలు చూస్తూ పడుకుంటే రానివాళ్ళే కత్తిరించాలి మరి."

ఆయన చెయ్యి చాచాడు.

"ఇటు తే. ఈ గోళ్ళు తీసుకునే కత్తెర కాదు. నాది తే. చిన్నది, వంపు మొనది."

తెచ్చింది. పరుగెత్తి తెచ్చింది. ఆయన కొత్త అట్టముక్క మీద కొలత తీసుకుని, ఒక్క ఊపులో, కత్తెర ఆపకుండా, బిళ్ళని తిప్పుతూ కత్తిరించాడు. గుండ్రం అంటే గుండ్రం. పేగుకీ రంధ్రానికీ మధ్య దారం దూరేంత సందు. అంటించి, వేలితో చుట్టూ అదిమి, "కుట్టింది విప్పి మళ్ళీ కుట్టొచ్చు గానీ, కత్తిరించింది మళ్ళీ అతకదే. అందుకే చూసుకుని కత్తిరించాలి" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఆవిడ లేచేసరికి మంచం ఖాళీ. ముందు గదిలోకి వెళ్తే మాస్టరు బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పోస్టుమాన్ చొక్కా గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. ఆపరేషన్‌కి ముందునుంచీ షెల్ఫులోనే పడి ఉన్న గుడ్డ అది. ఇంకో దర్జీకి ఇవ్వనని ఆ పోస్టుమాన్ చిరుగు చొక్కాతోనే తిరుగుతున్నాడు. సుద్ద చేతిలో ఉంది. కానీ వంగడం లేదు. ఎడంచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, బల్ల అంచుని శత్రువుని చూసినట్టు చూస్తున్నాడు.

"వంగండి" అంది వెనకనుంచి.

"తగిలితే?"

"తగలదు. వంగండి."

మెల్లగా వంగాడు. అంచు పొట్టకి ఆనింది, ఎప్పుడూ ఆనే చోటే. సంచి దాని పైన, ఎడంగా, తన మానాన తాను ఉంది. ఇంకాస్త వంగాడు. చెయ్యి చాచి గుడ్డ అవతలి అంచుదాకా గీత గీశాడు. లేచి, ఆవిడ వైపు తిరిగి, "తగల్లేదే" అన్నాడు. "నేను చెరిపేసుకున్నా నువ్వు రాసిపెట్టావు."

"గీత గీయండి. వ్యాన్ వచ్చే టైమైంది" అంది. ఇంకో మాట మాట్లాడితే ఏడ్చేస్తానని ఆవిడకి తెలుసు.

తొమ్మిదింటికి అక్క అల్లుడు తాళ్ళతో సహా దిగాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. కత్తెర కరకరలాడుతోంది.

"మావయ్యగారూ, బల్ల..."

"ఖాళీ లేదు నాయనా" అన్నాడు మాస్టరు తలెత్తకుండా. "కూర్చో, టీ తాగి వెళ్ళు. కాలు మాత్రం గుడ్డ మీద పెట్టకు."

మొదట్లో రోజుకి గంట, తర్వాత రెండు గంటలు. బరువులు ఎత్తకూడదన్నారు కాబట్టి గుడ్డ తాన్లు మిషనమ్మే ఎత్తింది. రెండుసార్లు పరీక్షలకి వెళ్ళారు, రెండుసార్లూ ఏమీ లేదన్నారు. మూడోసారి ఏమంటారో తెలియదు. వెళ్ళే ముందురోజు ఇద్దరికీ అన్నం దిగదు. అయినా ఆ రోజు కూడా షాపు తెరిచే ఉంచారు.

ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆయన నీలం చొక్కా మిషనమ్మ చేతిలో ఆగింది. ఆపరేషన్ తర్వాత కుట్టిన కొత్త చొక్కా. ముందుపక్క, కింది గుండీకి ఎడంగా, అరచేతి వెడల్పున గుడ్డ పలచబడి, అవతలి వెలుతురు కనిపిస్తోంది. అదే చోటు. ఆవిడ ఆ చొక్కాని మొహానికి ఆనించుకుంది. తర్వాత మిషను ముందు కూర్చుని మాసిక వేసింది. కళ్ళు మసకగా ఉన్నాయి, కుట్టు ఎటు పోయిందో చూసుకోలేదు.

మాస్టరు వచ్చి చొక్కా వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఈ కుట్టు వంకర. విప్పు."

"విప్పను" అంది మిషనమ్మ.